తప్పు వెనుక వ్యాకరణం: తెలుగువారి ఆంగ్లరచనలో తరచు కనిపించే దోషాలు – మాక్లూర్ ప్రాంత భాషానేపథ్యం

వ్యాససంగ్రహం

తెలుగు మాతృభాషగా గలవారు ఆంగ్లంలో రాసేటప్పుడు మళ్ళీ మళ్ళీ చేసే కొన్ని దోషాలు చదువరులకు చిరాకు కలిగిస్తాయి. వాటిలో ఎక్కువభాగం అజ్ఞానం వల్ల కాక, తెలుగు వ్యాకరణం రచయిత మనసులో సక్రమంగా పనిచేయడం వల్లనే పుడుతున్నాయని, నిజామాబాదు జిల్లా మాక్లూర్ వంటి బహుభాషా ప్రాంతంలో దక్కనీ ఉర్దూ, మరాఠీలు కూడా అదే వాక్యనిర్మాణాన్ని బలపరుస్తున్నాయని ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ దోషాన్ని ముందు దిద్దాలో నిర్ణయించడానికి చదువరి చిరాకు కాక అర్థహాని కొలమానం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దోషవిశ్లేషణ, మాతృభాషా ప్రభావం, దక్కనీ ఉర్దూ, అనుకారకం, విరామచిహ్నాలు, నిజామాబాదు.

1. ప్రవేశిక

గల్ఫ్ ఉద్యోగానికి పంపే దరఖాస్తులో ‘ఐ యామ్ వర్కింగ్ యాజ్ ఎలక్ట్రీషియన్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అన్న వాక్యం ఉందనుకుందాం. రాసినవారు ఏమి చెప్పదలచుకున్నారో చదివినవారికి తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆంగ్లం బాగా వచ్చిన అధికారి నొసలు ముడిపడుతుంది. ఆ ఒక్క వాక్యంలో మూడు దోషాలున్నాయి. క్రియ కాలం తప్పింది. వృత్తినామానికి ముందు ఉండవలసిన ‘యాన్’ లేదు. ‘ఫర్’ ఉండవలసిన చోట ‘సిన్స్’ పడింది. తీగలు కలిపే పనితనానికీ ఈ మూడింటికీ ఏ సంబంధమూ లేదు. కాని దరఖాస్తు పక్కకు పోవడానికి ఇవి చాలు. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు దశాబ్దాలుగా వలస సాగుతున్నది కనుక ఇది వ్యాకరణ పండితుల వినోదానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

బడిలోనూ ఈ సమస్య పదునెక్కింది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టారు. ఇంట్లో ఆంగ్లం వినని పిల్లలు గణితాన్నీ విజ్ఞానశాస్త్రాన్నీ ఆంగ్లంలో రాయవలసి వచ్చింది. వారి రాతలో దొర్లే దోషాలను ఎర్రసిరాతో చుట్టడం సులభం. అవి ఎందుకు దొర్లుతున్నాయో చెప్పడం తెలుగు వ్యాకరణం తెలిసినవారికే సాధ్యం.

దోషవిశ్లేషణకు పునాది వేసినవారిలో ఒకరైన పిట్ కోర్డర్ 1967లో ప్రచురించిన వ్యాసంలో రెండు రకాల తప్పులను వేరుచేశాడు. అలసటవల్లో తొందరవల్లో జరిగి, రాసినవారే చూసి దిద్దుకోగలిగేది ఒకటి. అభ్యాసకుని మనసులో ఏర్పడిన ఒక నియమం నుంచి పుట్టి, అదే రూపంలో పదేపదే వచ్చేది మరొకటి. తెలుగులో మొదటిదాన్ని పొరపాటు అని, రెండవదాన్ని దోషం అని వ్యవహరించవచ్చు. లారీ సెలింకర్ 1972లో ఈ రెండవ రకానికి మరింత గౌరవం కల్పించాడు. మాతృభాషకూ నేర్చుకునే భాషకూ నడుమ అభ్యాసకుడు తనకంటూ ఒక మధ్యంతర భాషను కట్టుకుంటాడని, దానికీ నియమాలుంటాయని ప్రతిపాదించాడు. ఈ వ్యాసానికి కావలసింది రెండవ రకం. ఇందులోని ఉదాహరణలు తరగతి గదుల్లో, కార్యాలయాల్లో సాధారణంగా ఎదురయ్యే నమూనా వాక్యాలు.

2. మాక్లూర్ పరిసరాల్లో వినిపించే భాషలు

మాక్లూర్ నిజామాబాదుకూ ఆర్మూరుకూ నడుమ ఉన్న మండలకేంద్రం. వరి, పసుపు, చెరుకు పండే నేల ఇది. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. 1930ల చివర బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం మొదలైంది. దాని పేటకు శక్కర్‌నగర్ అన్న పేరే ఉర్దూ ‘శక్కర్’ నుంచి వచ్చింది. కాలువనీళ్ళు పారిన తరువాత కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు బోధన్, వర్ని ప్రాంతాలకు వలసవచ్చి ‘క్యాంపులు’ కట్టుకున్నాయి. పడమటి దిక్కున మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ఉంది. హైదరాబాదు సంస్థానంలో పాలనాభాష ఉర్దూ; 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నతవిద్యను ఉర్దూలోనే బోధించింది. ఈ చారిత్రక కారణాలవల్ల ఇక్కడి మనిషి చెవిలో తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, దక్కనీ ఉర్దూ, కొంతవరకు మరాఠీ కలిసి పడతాయి.

ఒకే చోట చాలాకాలం కలిసి బతికిన భాషలు పదాలను మాత్రమే ఇచ్చిపుచ్చుకోవు. ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒక భాషామండలంగా నిరూపించాడు. గంపర్జ్, విల్సన్ 1971లో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాకు చెందిన కుప్వాడ్ గ్రామంలో మరాఠీ, ఉర్దూ, కన్నడాలను పరిశీలించి, పదాలు వేరైనా వాక్యనిర్మాణం దాదాపు ఒకటైపోయిందని చూపించారు. ఒక భాష వాక్యంలోని పదాలను వరుసగా మార్చుకుంటూ పోతే మరో భాష వాక్యం తయారవుతుంది. ఆ దృష్టితో చూస్తే నిజామాబాదు ప్రాంత విద్యార్థి ఆంగ్లంలో చేసే కొన్ని దోషాలకు వెనుక ఒక్క భాష కాదు, మూడు భాషలు సాక్షులుగా నిలబడి ఉంటాయి.

3. మూడు భాషల సాక్ష్యం

మొదట ‘సిన్స్’. ఈ ప్రాంతపు తెలుగులో ‘రెండేండ్ల సంది ఈడనే ఉంటున్న’ అంటారు. ‘2022 సంది ఉంటున్న’ అనీ అంటారు. ప్రారంభబిందువుకూ వ్యవధికీ ‘సంది’ ఒక్కటే. కోస్తా తెలుగులో ‘నుంచి’ కూడా అంతే. దక్కనీలో ‘దో సాల్ సే’, మరాఠీలో ‘దోన్ వర్షాంపాసూన్’ అన్నప్పుడూ ఒకే ప్రత్యయం రెండు పనులూ చేస్తుంది. ఆంగ్లం మాత్రం బిందువుకు ‘సిన్స్’, వ్యవధికి ‘ఫర్’ వాడుతుంది. ఇంటా బయటా విన్న ప్రతి భాషా కలిపి చూపిన రెండు భావాలను పరాయిభాష విడదీస్తే, అభ్యాసకుడు కలిపే చూడడం సహజం. ఇక్కడ తెలుగు అధ్యాపకునికి ఒక ఉపాయం ఉంది. ప్రమాణ తెలుగులో వ్యవధికి ‘-గా’ అన్న మరో రూపం ఉంది. ‘రెండేళ్ళుగా’ అనవచ్చు, ‘2022గా’ అనలేము. ‘-గా’ పట్టే చోట ‘ఫర్’, పట్టని చోట ‘సిన్స్’ అని చెబితే చాలు. నియమం విద్యార్థి నోట్లో అప్పటికే ఉంది.

రెండవది ‘ఓన్లీ’. ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అన్న వాక్యాన్ని నగరాల్లో హాస్యానికి వాడుకుంటారు. తెలుగు అవధారణార్థకం ‘-ఏ’ పదం చివర చేరుతుంది: ‘నేను ఈడనే ఉన్న’. దక్కనీలో ‘-ఇచ్’ అదే స్థానంలో చేరుతుంది: ‘మై ఇధరిచ్ హూఁ’. ఈ ‘-ఇచ్’ మరాఠీ ‘-చ్’ నుంచి వచ్చింది. ‘మీ ఇథేచ్ ఆహే’ అన్న మరాఠీ వాక్యం పక్కన పెడితే పోలిక స్పష్టమవుతుంది. మూడు భాషల్లోనూ ఒత్తి చెప్పదలచిన పదం వెంటనే ఒక చిన్న ప్రత్యయం. ఆంగ్లంలో ఆ పని చాలావరకు గొంతు చేస్తుంది, లేదా వాక్యం తిరగబడుతుంది. రాతలో గొంతు వినపడదు కనుక ‘ఓన్లీ’ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది. నవ్వుకుని వదిలేయదగ్గ దోషమే అనిపించవచ్చు. కాని ‘రేపే కడతాను’ అన్న హామీని ‘ఐ విల్ పే టుమారో ఓన్లీ’ అని రాస్తే, అది ‘రేపు మాత్రమే కడతాను, అంతకుముందు కట్టను’ అన్న మొండితనంగా చదవబడే అవకాశం ఉంది. హామీ హెచ్చరికగా మారుతుంది.

మూడవదీ, అన్నింటికంటే ప్రమాదకరమైనదీ అనుకారకానికి సంబంధించింది. తెలుగులో ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు ‘అని’ వస్తుంది. ‘సేటు పైసలు కడతనని చెప్పిండు’ అన్న వాక్యంలో ‘కడత’ ఉత్తమపురుష. మాట్లాడినవాని పురుష ప్రత్యయం అలాగే నిలుస్తుంది, ‘అని’ దానికి తలుపు వేస్తుంది, కాబట్టి ఆ ‘నేను’ సేటే తప్ప వాక్యం చెబుతున్నవాడు కాదని ఎవరికీ సందేహం రాదు. దక్కనీ ఈ నిర్మాణాన్ని ద్రావిడభాషల నుంచి అక్షరాలా తీసుకున్నది: ‘ఆతూఁ బోల్కే బోలా’ అంటే ‘వస్తనని చెప్పిండు’. ‘బోల్కే’ మన ‘అని’ చేసే పనే చేస్తుంది. ఆంగ్లంలో ‘దట్’ అలాంటి తలుపు కాదు. ‘దట్’ తరువాత వచ్చే సర్వనామం మొత్తం వాక్యం చెబుతున్నవారి దృష్టి నుంచి నిర్ణయమవుతుంది. అందుచేత ‘ద సేట్ టోల్డ్ దట్ ఐ విల్ పే ద మనీ’ అని ఫిర్యాదులో రాస్తే, డబ్బు రావలసినవాడే డబ్బు కట్టవలసినవాడవుతాడు. చదివే అధికారికి ఇక్కడ చిరాకు కూడా కలగదు, ఎందుకంటే వాక్యం పైకి శుభ్రంగానే కనిపిస్తుంది; ‘టోల్డ్’ తరువాత ఎవరికి చెప్పాడో లేదన్న లోపం ఒక్కటే కంటికి తగులుతుంది. చిరాకు పెట్టని దోషమే ఎక్కువ నష్టం చేయడం గమనించదగ్గది. దీనికి తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. ‘సేటు తాను పైసలు కడతానని చెప్పాడు’ అని ‘తాను’ చేర్చి చూడాలి. ‘తాను’ ఇమిడితే ఆంగ్లంలో ‘ఐ’ రాకూడదు, ‘హీ’ గాని ‘షీ’ గాని రావాలి.

‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద ఆఫీస్’ అన్నదీ ఈ కుటుంబంలోదే. ‘ఆఫీసు ఎక్కడుంది?’ అన్న ప్రశ్నను పెద్దవాక్యంలో పొదగాలంటే తెలుగు పదక్రమాన్ని కదపదు, చివర ‘-ఓ’ చేరుస్తుంది: ‘ఆఫీసు ఎక్కడుందో తెలియదు’. ఆంగ్లంలో అటువంటి ప్రత్యయం లేదు. ప్రశ్నలో తారుమారైన క్రమాన్ని తిరిగి సరిచేయడమే దాని గుర్తు. ‘-ఓ’ వినిపించిన ప్రతిచోటా ఆంగ్లంలో కర్త ముందుకు రావాలని చెబితే విద్యార్థికి పట్టుదొరుకుతుంది.

4. కాలబోధక క్రియలు

‘ఐ యామ్ హేవింగ్ టూ సిస్టర్స్’ అన్న వాక్యానికి మూలం మాట్లాడే తెలుగు కాదు, పుస్తకాల తెలుగు. నోటితో ఎవరూ ‘నేను ఇద్దరు అక్కలను కలిగి ఉన్నాను’ అనరు. ‘నాకు ఇద్దరక్కలు’ అంటారు, క్రియ కూడా అక్కరలేదు. కాని ఆంగ్లపాఠానికి అర్థం చెప్పేటప్పుడు ‘హేవ్’ అంటే ‘కలిగి ఉండు’ అని నేర్పడం అలవాటు. ‘కలిగి’కి ‘హేవింగ్’, ‘ఉన్నాను’కు ‘యామ్’ సరిపోయాయి. దోషం బడి చేతే పుట్టింది, బడి చేతే చుట్టబడుతున్నది.

‘-తున్న’ రూపం కథ వేరు. ‘అనుకుంటున్నాను’, ‘కోరుకుంటున్నాను’, ‘అర్థమవుతున్నది’ అన్నవి చక్కని తెలుగు. మానసికస్థితిని కూడా తెలుగు జరుగుతున్న క్రియగా చూడగలదు. ఆంగ్లం అటువంటి క్రియలకు సాధారణంగా ‘-ఇంగ్’ రూపం ఇవ్వదు. అందుకే ‘ఐ యామ్ థింకింగ్ దట్ హీ ఈజ్ రైట్’, ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్ ద లెసన్’ అన్న వాక్యాలు వస్తాయి. ఇక ‘తిన్నాను’ అన్న ఒక్క రూపం ‘నిన్న తిన్నాను’కూ ‘ఇప్పుడే తిన్నాను’కూ సరిపోతుంది. ఆంగ్లం ఈ రెండింటికి వేర్వేరు రూపాలు కోరడంతో, రెండింటిలో బరువైనది మర్యాదగా ఉంటుందన్న భావనతో ‘ఐ హేవ్ సబ్మిటెడ్ ద ఫామ్ యెస్టర్‌డే’ అని రాస్తారు. ‘నిన్న’ అన్న మాట వాక్యంలో ఉంటే ‘హేవ్’ ఉండరాదన్న ఒక్క సూచన ఇక్కడ చాలు.

5. విభక్తులు, ఆర్టికల్స్, నిత్యబహువచనాలు

ఆంగ్ల ప్రిపొజిషన్ల దోషాలను జాబితాగా వల్లెవేయించడం వృథాశ్రమ. వాటిలో అధికభాగం తెలుగు విభక్తుల నీడలు. ‘వాని మీద కోపం’ కనుక ‘యాంగ్రీ ఆన్ హిమ్’. ‘ఆమెతో పెళ్ళి’ కనుక ‘మ్యారీడ్ విత్ హర్’. ‘సమస్య గురించి చర్చించాం’ కనుక ‘డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’. దీనికి ఎదురుదిశలో ‘పాట విన్నాను’ అన్నప్పుడు విభక్తి ప్రత్యయం కనిపించదు కనుక ‘లిజన్’ తరువాత ‘టు’ జారిపోతుంది.

ఈ చివరి ఉదాహరణ వద్ద కొంచెం ఆగాలి. జడపదాలకు ద్వితీయావిభక్తి స్థానంలో ప్రథమ రావచ్చునని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే చెప్పాడు. అయితే నేటి వాడుకలో ‘పుస్తకం చదివాను’, ‘పుస్తకాన్ని చదివాను’ అన్న రెండూ ఒకే అర్థం ఇవ్వవు. రెండవదానిలో వక్తకూ శ్రోతకూ తెలిసిన ఏదో ఒక నిర్దిష్ట పుస్తకం ధ్వనిస్తుంది. తెలుగులో ఆర్టికల్ లేదని, కనుక ‘ద’ను మనవారికి నేర్పలేమని అధ్యాపకులు నిట్టూర్చడం పరిపాటి. నిర్దిష్టత అన్న భావం తెలుగుకు కొత్త కాదు; దాన్ని చూపే తావు వేరు. ‘-ని’ చేర్చాలనిపించే చోట, లేదా ‘ఆ’ చేర్చినా అర్థం చెడని చోట ‘ద’ కోసం వెదకమనడం పూర్తి నియమం కాకపోయినా మంచి ప్రారంభం.

‘ఎ’, ‘యాన్’ల సంగతి చెవికి సంబంధించింది. వాటి ఎంపిక అక్షరాన్ని బట్టి కాక ధ్వనిని బట్టి జరుగుతుంది. ‘యూనివర్సిటీ’ అచ్చుతో రాయబడినా యకారంతో పలుకుతుంది కనుక ‘ఎ యూనివర్సిటీ’ సరైనది. అక్షరాన్ని చూసి ‘యాన్ యూనివర్సిటీ’ అని రాయడం అందరూ ఎరిగిన దోషమే. తెలుగువారికే ప్రత్యేకమైనది మరొకటి ఉంది. పదాది ఎకారాన్ని మనం యకారంతో పలుకుతాం. శాసనసభ్యుడు నోట్లో ‘యెమ్మెల్యే’ అవుతాడు. ధ్వనినిబట్టి రాయమన్న నియమాన్ని శ్రద్ధగా పాటించిన విద్యార్థి ‘ఎ ఎమ్మెల్యే’ అని రాస్తే, అతడు నియమాన్ని ఉల్లంఘించలేదు. తన ఉచ్చారణకు దాన్ని నిజాయితీగా అన్వయించాడు.

వచనం దగ్గర కూడా ఇటువంటి చిక్కే. పాలు, నీళ్ళు, వడ్లు, పెసలు తెలుగులో నిత్యబహువచనాలు. ‘పాలు పొంగాయి’ అంటాం గాని ఏకవచనం ప్రయోగించం. ‘ద మిల్క్ ఆర్ స్పాయిల్డ్’ అన్న వాక్యం ఆ అలవాటు నుంచి వచ్చింది. ‘సలహాలు’, ‘వెంట్రుకలు’ తెలుగులో లెక్కపెట్టదగినవి కనుక ‘అడ్వైసెస్’, ‘హెయిర్స్’ పుడతాయి.

6. ప్రత్యయం చేసే పని, చుక్క చేసే పని

విరామచిహ్నాల దోషాలను అజాగ్రత్తగా భావించడం సాధారణం. తెలుగు తాళపత్రాల్లో పదాలు సైతం విడదీయకుండా రాసేవారు; పద్యాంతాన్ని దండం సూచించేది. కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం తెలుగు రాతలో స్థిరపడింది అచ్చుయంత్రం వచ్చాకనే. అంతవరకు చదువరులు తడబడకుండా చదవగలగడానికి అభ్యాసంతో పాటు భాషానిర్మాణం కూడా తోడ్పడింది. వాక్యం చివర సమాపకక్రియ వస్తుంది, అదే ఫుల్‌స్టాప్. ‘వచ్చాడా’లోని ‘-ఆ’ ప్రశ్నార్థకం. ‘అని’ ఉద్ధరణచిహ్నం. ‘చేసి’, ‘చేస్తూ’, ‘చేస్తే’ వంటి అసమాపకక్రియలు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెబుతాయి. ‘ఇల్లు’ ‘ఇంటి’గా మారడంతోనే, అంటే ఔపవిభక్తికంతోనే, స్వామ్యం తెలిసిపోతుంది. ఆంగ్లం చుక్కలకూ గీతలకూ అప్పగించిన పనిని తెలుగు ప్రత్యయాలకు అప్పగించింది.

ఈ దృష్టితో చూస్తే రెండు దోషాలు తేలికగా అర్థమవుతాయి. ‘ఆఫీసుకు పోయిన, సారు లేడు, తిరిగొచ్చిన’ అన్న తెలుగు వాక్యంలో కామాలు ఎవరినీ బాధించవు. ప్రతి ఖండమూ తన ముగింపును తానే చూపుతున్నది. అదే ‘ఐ వెంట్ టు ద ఆఫీస్, సర్ వాజ్ నాట్ దేర్, ఐ కేమ్ బ్యాక్’ అయితే ఆంగ్ల చదువరి కామాల వద్ద జారిపడతాడు. రెండవది అపాస్ట్రఫీ. దుకాణాల బోర్డులపై ‘ఫోటోస్’ వంటి మాటల్లో చివరి సకారానికి ముందు పైకెక్కిన కామా కనిపిస్తుంది. అది స్వామ్యానికి గుర్తే తప్ప బహువచనానికి కాదు. ‘ఇట్స్’ విషయంలో చిక్కు తిరగబడింది: కామాతో రాస్తే ‘అది ఉన్నది’ అని, లేకుండా రాస్తే ‘దాని’ అని అర్థం. స్వామ్యం చెప్పే రూపానికే ఇక్కడ స్వామ్యచిహ్నం లేదు. ఈ ఒక్క చోట తప్పు విద్యార్థిదా, ఆంగ్లానిదా అని అడగడం అన్యాయం కాదు.

ఆంగ్లేయులూ దీనిలో తక్కువేమీ తడబడరు. ఇంగ్లండులో కూరగాయల దుకాణదారుల అపాస్ట్రఫీ అన్న నానుడే ఉంది. జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పాత్రికేయుడు 2001లో అక్కడ అపాస్ట్రఫీ పరిరక్షణకు ఒక సంఘం స్థాపించి, 2019లో దాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటించాడు. లిన్ ట్రస్ విరామచిహ్నాల దోషాలపై 2003లో ప్రచురించిన పుస్తకం విశేషంగా అమ్ముడుపోయింది.

తెలుగు పండితులకు ఇక్కడ అరసున్న గుర్తురాక మానదు. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే సంఖ్య. ఆ అరసున్న రాయకపోవడం ఒకనాడు పండితులకు కంటిలో నలుసు. నేడు దాన్ని రాసేవారే అరుదు, అర్థం సందర్భం వల్ల తెలిసిపోతున్నది. నిజామాబాదు పల్లెలో ‘రెండేండ్లు’ అనేవారు ఆ పాత అనునాసికాన్ని నోట్లో ఇంకా నిలుపుకున్నారన్నది వేరే ముచ్చట.

7. చిరాకు ఎవరిది?

చిరాకు ఎప్పుడూ దోషం నుంచే పుట్టదు. వినేవాని అలవాటు నుంచి కూడా పుడుతుంది. తెలంగాణ తెలుగులో ‘నేను వచ్చిన’ అన్నది పూర్తివాక్యం. ‘వచ్చాను’కు అలవాటుపడిన చెవికి అది ‘వచ్చిన మనిషి’లోని ధాతుజవిశేషణంలా, సగంలో ఆగిన వాక్యంలా తోస్తుంది. క్యాంపుల తెలుగూ ఊరి తెలుగూ కలిసి కూర్చునే బోధన్ ప్రాంతపు తరగతిలో ఈ తేడాకు ‘తప్పు’ అన్న ముద్ర పడడం ఎంత తేలికో ఊహించవచ్చు. కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకోవడం వెనుక ఇటువంటి ముద్రల చరిత్ర ఉంది.

ఆంగ్లంలోనూ ఇంతే. వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించరాదన్న నిషేధాన్ని ఫౌలర్ 1926 నాటి తన ప్రయోగ నిఘంటువులో మూఢనమ్మకంగా కొట్టివేశాడు. అయినా మన వ్యాకరణ గైడ్లలో అది నియమంగా చలామణి అవుతూనే ఉంది. ‘డూ ద నీడ్‌ఫుల్’ అన్నది భారతీయుల వికృతి కాదు, బ్రిటన్ మరిచిపోయిన పాత ఉత్తరాల భాష. ‘ప్రీపోన్’ ఇక్కడ వ్యాపించిన మాట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో చోటు సంపాదించింది. బ్రజ్ కచ్రూ 1983లో ఆంగ్లం భారతీయం కావడంపై వెలువరించిన గ్రంథం తరువాత ఇటువంటి ప్రయోగాలను దోషాలుగా లెక్కించడం శాస్త్రీయం కాదు.

ప్రభావం ఒకవైపే సాగదన్న సంగతి కూడా మరవరాదు. ‘ఇక్కడ చెరుకురసం అమ్మబడును’ అన్న బోర్డు తెలుగు అధ్యాపకునికి ఎంత బాధ కలిగిస్తుందో, ‘ఫర్నిచర్స్’ అన్న మాట ఆంగ్ల అధ్యాపకునికి అంతే బాధ కలిగిస్తుంది. మొదటిది ఆంగ్ల కర్మణిప్రయోగం తెలుగు చొక్కా తొడుక్కోవడం. రాముని పుస్తకం ‘రాముని యొక్క పుస్తకం’గా సాగడంలోనూ ఆ ఛాయే ఉంది.

8. ఏది ముందు దిద్దాలి?

పై వివరణ దోషాలన్నింటినీ క్షమించడానికి కాదు. దిద్దుబాటుకు ఒక వరుస కావాలి, ఆ వరుసను అర్థహాని నిర్ణయించాలి. అనుకారకంలో సర్వనామం తప్పితే బాకీ చేతులు మారుతుంది. ‘ఓన్లీ’ స్థానం తప్పితే హామీ స్వరూపం మారుతుంది. ఇవి ముందు దిద్దవలసినవి. ‘సిన్స్’, కాలబోధక క్రియ, కామాతో అతికిన వాక్యాలు అర్థాన్ని చెడగొట్టకపోయినా దరఖాస్తును చెడగొడతాయి. ఇవి రెండవ వరుస. ‘యాంగ్రీ ఆన్’, ‘డిస్కస్ అబౌట్’ తరువాత చూసుకోవచ్చు. ‘ప్రీపోన్’ను ముట్టుకోనక్కరలేదు. ప్రస్తుతం చాలా తరగతుల్లో ఈ వరుస తలకిందులుగా ఉంది. కంటికి వెంటనే కనిపించే అపాస్ట్రఫీకి ఎర్రసిరా పడుతుంది, ‘దట్ ఐ విల్ పే’ పక్కన మాత్రం టిక్కు పడుతుంది.

ఈ పనిలో తెలుగు, ఆంగ్ల శాఖల మధ్య గోడ పెద్ద అడ్డంకి. ‘-గా’, ‘-ఓ’, ‘తాను’, ‘-ని’ పరీక్షలను ఆంగ్ల అధ్యాపకుడు సాధారణంగా వాడడు, ఎందుకంటే వాటిని వ్యాకరణాంశాలుగా చదివే అవకాశం అతనికి రాలేదు. వాటిని చదివిన తెలుగు అధ్యాపకుడు ఆంగ్లదోషం తన పరిధి కాదనుకుంటాడు. కృష్ణమూర్తి, గ్విన్‌ల ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో ఆంగ్లంలోనే వెలువడింది కనుక రెండు శాఖలవారూ కలిసి చదువుకోదగిన పుస్తకం చేతిలోనే ఉంది. క్యాంబెల్ 1816లోను, బ్రౌన్ 1840లోను ఆంగ్లేయులకు తెలుగు నేర్పడానికి రెండు వ్యాకరణాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఆ పోలికనే ఎదురుదిశలో నడపడం ఇక్కడ కావలసిన పని.

దానికి తరగతి వరకు వెళ్ళనక్కరలేదు. తెలుగు పరిశోధన పత్రాలకు ఆంగ్లంలో సంగ్రహం జతచేయడం నేడు ఆచారం. ‘ఇన్ దిస్ పేపర్ ఐ యామ్ డిస్కసింగ్ అబౌట్ ఊమన్ క్యారెక్టర్స్ ఆఫ్ మహాభారత’ వంటి వాక్యం అందులో తరచు ఎదురవుతుంది. ‘చర్చిస్తున్నాను’లోని ‘-తున్న’ ‘యామ్ డిస్కసింగ్’ అయింది. ‘గురించి’ ‘అబౌట్’ అయింది. ‘స్త్రీపాత్రలు’ అన్న సమాసంలో పూర్వపదం ఏకవచనంలోనే ఉంటుంది కనుక ‘విమెన్’ రావలసిన చోట ‘ఊమన్’ నిలిచింది. గ్రంథనామానికి తెలుగులో ఏ గుర్తూ అక్కరలేదు కనుక ‘మహాభారత’ ముందు ‘ద’ లేదు. నాలుగు దోషాలకూ నాలుగు తెలుగు సూత్రాలు దొరికాయి. ఆంగ్లంలో ఆ వాక్యం ‘దిస్ పేపర్ డిస్కసెస్ ద విమెన్ క్యారెక్టర్స్ ఆఫ్ ద మహాభారత’ అవుతుంది. పరిశోధకుడు కర్త స్థానం నుంచి తప్పుకుని పత్రానికి చోటిస్తాడు.